గొంతు – చూడు: స్వరపేటిక

ఆ గ్రంథాలయంలో ఆవిడని పేరు పెట్టి పిలిచే నాథుడు లేడు. అందరికీ ఆవిడ చూడమ్మ. ముప్ఫై రెండేళ్ళుగా ఆవిడ చేసిన పని అలాంటిది మరి. కొత్త పుస్తకం వస్తే అట్ట తిప్పి, ముందుమాట చదివి, లోపల ఏముందో నాలుగు చోట్ల తడిమి చూసి, ఇది ఫలానా విషయం అని తేల్చి, వెన్ను మీద అంకె అతికించడం ఒక ఎత్తు. ఆ పుస్తకం దగ్గరికి జనం రావడానికి దారులు వెయ్యడం ఇంకో ఎత్తు. బీరువాలో పుస్తకానికి ఉండేది ఒక్కటే చోటు. వెతికేవాడి నోట్లో దానికి ఎన్ని పేర్లున్నాయో ఎవరికి తెలుసు? పాము కాటు గురించి కావలసినవాడు ‘పాము’ అని వెతుకుతాడో, ‘విషం’ అని వెతుకుతాడో, ‘కాటు’ అని వెతుకుతాడో. అందుకని ఆవిడ ఒక్కో మాటకీ ఒక్కో చిన్న అట్టకార్డు రాసేది. ‘విషం – చూడు: పాము కాటు’. ‘కాటు – చూడు: పాము కాటు’. వాటిని అక్షరక్రమంలో చెక్క సొరుగుల్లో సర్దేది. అలాంటి చూడు కార్డులు తొమ్మిది వేల పైచిలుకు ఉన్నాయి, అన్నీ ఆవిడ చేతి రాతే.

ఇప్పుడా కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కుతున్నాయి. సొరుగులు పాత సామాను గదిలోకి పోతాయి. చూడమ్మ నెలాఖరుకి ఇంటికి పోతుంది. పోయేలోపు కార్డులన్నీ చదివి పెట్టి పొమ్మన్నారు పైవాళ్ళు. నాలుగు నెలలుగా అదే పని. పక్కన కూర్చున్న కంప్యూటరాయన మెడకి పట్టీ కట్టుకుని, గంటకోసారి ఆవలించి, ఆవిడ చదివింది చదివినట్టు కొడుతున్నాడు. అతనికీ యాభై దగ్గరపడ్డాయి. ఇద్దరిలో ఎవరికి ఓపిక తక్కువో చెప్పడం కష్టం. సాయంత్రమయ్యేసరికి తల ప్రాణం తోకకొచ్చేది.

ఆ రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, కళ్ళు మూతలు పడుతున్న వేళ అతను కొట్టడం ఆపేశాడు.

“ఇది ఒప్పుకోవడం లేదండీ,” అన్నాడు.

“ఏది?”

“గొంతు.”

“గొంతుకేమొచ్చింది?”

“గొంతు అని కొడితే స్వరపేటిక చూడమంటోంది. స్వరపేటిక కొడితే మాటలోపాలు చూడమంటోంది. మాటలోపాలు కొడితే మళ్ళీ గొంతు చూడమంటోంది. పుస్తకం ఒక్కటి చూపించదు. ఎర్రగీత పెట్టుకుని కూర్చుంది.” అతనికి నవ్వొచ్చింది. నాలుగు నెలల్లో అతను నవ్వడం అదే మొదలు. “గానుగ కట్టారండీ మీరు.”

చూడమ్మకి నవ్వు రాలేదు. “మీరేదో తప్పు కొట్టుంటారు.”

“నేను కొట్టింది మీ కార్డేనండి.”

అదీ నిజమే. ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. మోకాళ్ళు రెండూ చెరో మాట అన్నాయి. సొరుగులు బయట హాల్లో, గోడ పొడుగునా ఉంటాయి. ‘గ’ సొరుగు అన్నింటికంటే కింది వరసలో ఉంది, గొంతుక్కూర్చుంటే గాని అందదు. కూర్చుంది. కార్డు ఉంది. నీలం సిరా, తన రాతే. ‘గొంతు – చూడు: స్వరపేటిక’. లేచి, ‘స’ సొరుగు కోసం హాలు చివర కిటికీ దాకా నడిచింది. అది పై వరసలో ఉంటుంది, మునివేళ్ళ మీద లేవాలి. ‘స్వరపేటిక – చూడు: మాటలోపాలు’. మళ్ళీ వెనక్కి, మధ్యలో స్తంభం పక్కన ‘మ’ సొరుగు దగ్గరికి. ‘మాటలోపాలు – చూడు: గొంతు’.

స్తంభం దగ్గర కాసేపు నిలబడి, ఒకవేళ మొదటి సొరుగులో గొంతు వెనకాల ఇంకో కార్డు దాక్కుందేమోనని మళ్ళీ వెళ్ళి వంగింది. వంగినది వంగినట్టే ఉండిపోయింది. ఈ నడక ఆవిడ ఇదివరకు చూసింది. కింద వంగడం, హాలు చివరికి పోవడం, నిక్కి చూడడం, స్తంభం దగ్గర ఆగడం, మళ్ళీ వచ్చి వంగడం. ఇక్కడే చూసింది, తన అద్దాల గదిలో కూర్చుని, ఒక రోజు కాదు, పదకొండు రోజులు. ఆ నడిచిన మనిషి వదిన.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళక తప్పదు.

చూడమ్మకి ఒక్కడే అన్నయ్య. బడిలో డ్రిల్లు మాస్టారుగా చేశాడు. మైకూ గీకూ లేకుండా మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి నాలుగు వందల మంది పిల్లల్ని నిలబెట్టిన గొంతు అతనిది. ఇంట్లో ఉప్పు అందుకోమన్నా పక్కింటివాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. నాలుగేళ్ళ కిందట అమ్మ ఆఖరి రెండు నెలలూ అన్నయ్య ఇంట్లోనే మంచాన ఉంది. వదినే చూసుకుంది. చూడమ్మ ఆఫీసుకీ ఆ ఇంటికీ మధ్య బస్సులెక్కి దిగి, ఎక్కి దిగి, సగం మనిషైంది. అమ్మ పోయిన మర్నాడు దగ్గరవాళ్ళంతా కూర్చుని ఉండగా ఆవిడ నోరు జారింది.

“మందు వేళకి పడుంటే ఇంకో ఆర్నెల్లు ఉండేది మా అమ్మ,” అంది.

అప్పుడు వదిన చేతిలో మంచినీళ్ళ గ్లాసుల పళ్ళెం ఉంది. ఆ పళ్ళెం బల్ల మీద పెట్టింది. లోపలికి వెళ్ళింది. అంతే, ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. తను అన్నది అబద్ధమని చూడమ్మకి వారం తిరక్కుండానే తెలుసు. ఆ ఇంటి వంటగది గోడ మీద ఏ మందు ఎన్నింటికో రాసిన కాగితం, ఇచ్చినప్పుడల్లా పక్కన గీసిన గీతలు, తన కళ్ళతో తను చూసినవే. కానీ తెలియడం వేరు, వెళ్ళి చెప్పడం వేరు. ఇవాళ, రేపు అంటుండగా ఏడాది గడిచింది. ఏడాది గడిచాక ఇప్పుడేం మొహం పెట్టుకుని వెళ్తామన్నది ఇంకో సాకు అయింది. అన్నయ్య ఇద్దరికీ చెప్పి చూశాడు, బతిమాలాడు, అరిచాడు. ఇద్దరూ ఇద్దరే.

ఆ తరవాత అతని గొంతుకి రోగం వచ్చింది. స్వరపేటిక తీసేశారు. మాట పుట్టే పెట్టె అదే. అది పోయాక మెడ ముందు చిన్న కన్నం చేసి ఊపిరికి దారి ఇచ్చారు. ఇక నోట్లోంచి గాలి రాదు. మాట సరే, ఈల ఊదడానికి కూడా గాలి లేదు. సంగతి పిన్ని ఫోన్ చేసి చెబితే చూడమ్మ ఆసుపత్రికి ఒక్కసారి వెళ్ళింది. అన్నయ్య మెడకి కట్టుతో నిద్రపోతున్నాడు. వదిన మందుల కోసం కిందికి వెళ్ళిందన్నారు. పళ్ళ సంచి మంచం పక్కన పెట్టి, వదిన పైకి వచ్చేలోపు దొంగలా మెట్లు దిగి వచ్చేసింది.

సరిగ్గా నెల తరవాత, ఒక మధ్యాహ్నం, వదిన గ్రంథాలయంలో అడుగుపెట్టింది.

అద్దాల వెనక చూడమ్మ చేతిలో పని ఆపింది. వచ్చింది, నా కోసమే వచ్చింది, అనుకుంది. వదిన పుస్తకాలు చదివే మనిషి కాదు. కుట్టుమిషను, ఇల్లు, మొగుడు తప్ప లోకం తెలియని మనిషికి ఇక్కడేం పని? ఆవిడ అద్దాల గది వైపు రాకుండా తిన్నగా సొరుగుల దగ్గరికి పోయి వంగింది. లేచింది. కిటికీ దాకా నడిచింది. ఓహో, ఇదొక నటనా, అనుకుంది చూడమ్మ. రావడానికి మొహం చెల్లక కార్డులు తిరగేస్తోంది. తిరగెయ్యనీ. ఇంత దూరం వచ్చిన మనిషికి ఇంకో ఇరవై అడుగులు బరువా? తనే వచ్చి పలకరిస్తే నేను కాదంటానా?

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. చూడమ్మ పెన్సిల్ చెక్కుతూ, కార్డులు దొంతర్లు పెడుతూ, ఓరకంట చూస్తూ కూర్చుంది. వెళ్ళి అడిగితే సగం నిమిషం పని. వచ్చిన ప్రతివాడినీ “ఏం కావాలండీ” అని అడగడమే ఆవిడ ఉద్యోగం. దానికే జీతం ఇస్తున్నారు. అయినా లేవలేదు. పదకొండో రోజు వదిన స్తంభం దగ్గర నిలబడి ఇటు చూసింది. చూడమ్మ గబుక్కున తల దించుకుని కార్డు మీద ఏదో రాసింది. తలెత్తేసరికి హాలు ఖాళీ. పన్నెండో రోజు వదిన రాలేదు.

అదీ జరిగింది. పంతం నెగ్గిందని చూడమ్మ ఆ రాత్రి అనుకోవాలని చూసింది గాని, అన్నం సహించలేదు.

ఇప్పుడు, పదమూడు నెలల తరవాత, ‘గ’ సొరుగు ముందు గొంతుక్కూర్చుని ఉన్న చూడమ్మకి వదిన ఏం వెతికిందో తెలిసింది. నా కోసం కాదు. అన్నయ్య గొంతు కోసం.

“లేవగలరా? చెయ్యి ఇవ్వనా?” అన్నాడు కంప్యూటరాయన గుమ్మంలోంచి.

“నన్ను కాసేపు వదిలెయ్యండి బాబూ,” అంది.

గానుగ ఎలా తయారైందో ఆవిడకి తప్ప ఇంకెవరికీ తెలియదు. మొదట్లో ఆ పుస్తకాలన్నీ గొంతు కిందే ఉండేవి. పైనుంచి ఒక కమిటీ వచ్చి, ఇంత పెద్ద గ్రంథాలయంలో గొంతు ఏమిటి, శాస్త్రీయంగా స్వరపేటిక అనాలి అంది. సరేనని కార్డులు మార్చింది. ఇంకో కమిటీ వచ్చి, ఆ మాట ఎవడికి అర్థమవుతుంది, మాటలోపాలు అనండి అంది. సరేనని మళ్ళీ మార్చింది. మూడో కమిటీ వచ్చి, రోగులని లోపాలనడం ఏం మర్యాద, పాత మాటే నయం, గొంతు అనండి అంది. ఒళ్ళు మండినా సరేనంది. పేరు మారినప్పుడల్లా చెయ్యవలసినవి మూడు పనులు. పాత మాట దగ్గర చూడు కార్డు పెట్టాలి. కొత్త మాట దగ్గర ఇదివరకటి చూడు కార్డు ఉంటే పీకెయ్యాలి. అసలు పుస్తకాల కార్డులు తెచ్చి అక్కడ పెట్టాలి. మూడోసారి మొదటి పని చేసింది. మిగతా రెండూ చెయ్యలేదు. ఇంకెవరైనా అయితే కార్డు ఏ సొరుగులోనో తప్పు పెట్టేవాళ్ళు, అది ఎప్పుడో ఎవరికో దొరికేది. ఇంత శుభ్రమైన తప్పు చెయ్యాలంటే అన్నీ తెలిసిన మనిషే కావాలి.

మరి అసలు కార్డులేమయ్యాయి? చూడమ్మ గదిలోకి వెళ్ళి తన బల్ల సొరుగులన్నీ లాగింది. పాత సర్క్యులర్లు, ఎండిన సిరాబుడ్డి, తలనొప్పి మాత్రలు. అట్టడుగున ఒక కవరు. లోపల ఏడు కార్డులు. చుట్టిన రబ్బరు బ్యాండు కరిగి అట్టలకి అతుక్కుపోయింది. కవరు మీద తన రాతలోనే ఉంది: ‘గొంతు – సర్దాలి’. కింద తేదీ.

తేదీ చూసి కుర్చీలో కూలబడింది. అమ్మ మంచాన ఉన్న నెల. మందు వేళకి పడలేదని ఎవరినైతే అన్నదో, ఆ మనిషి గోడ మీద కాగితం అంటించి గీతలు గీసుకుంటూ వేళకి పోస్తూనే ఉంది. వేళకి చెయ్యవలసిన పని చెయ్యనిది తను. సిగ్గేసింది. ముప్ఫై రెండేళ్ళ ఉద్యోగంలో అంత సిగ్గు ఆవిడకి ఎప్పుడూ వెయ్యలేదు.

ఏడు కార్డుల్లో ఒకటి చూడగానే ఇదే అనిపించింది. ‘గొంతు తీసేశాక మళ్ళీ మాట్లాడడం: ఇంట్లో చేసుకునే సాధన’. ఎవరో నర్సు రాసింది. కార్డు మీద అంకె చూసుకుని వైద్యం వరస దగ్గరికి వెళ్ళింది. ఆరు వందల పదహారు దాటి, చుక్క తరవాత అంకెలు వేలితో దాటుకుంటూ పోతే, లావుపాటి రెండు పుస్తకాల మధ్య సన్నగా ఇరుక్కుని అది ఉండవలసిన చోటే ఉంది. దాని తప్పేం లేదు పాపం. వెనక అట్ట లోపలి కాగితం మీద తేదీ ముద్ర ఒక్కటి లేదు. కొన్ని పేజీలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి.

అక్కడే, బీరువాల మధ్య నేల మీద కూర్చుని చదివింది. తేలికగానే రాసిందా నర్సమ్మ. పెదాలు బిగించి గాలిని గుటకలా అన్నవాహికలోకి దింపాలి. దాన్ని తేన్పులా పైకి తెస్తూ మాటగా మలచాలి. మొదట పా, తా, కా లాంటి అక్షరాలు. రోజుకి మూడు పూటలు. ఎదురుగా ఒక మనిషి కూర్చుని అక్షరం చెప్పాలి, విసుగు చూపించకూడదు. గొంతు బొంగురుగా ఉంటుంది, కానీ అది మాటే. ఆ వాక్యం దగ్గర చూడమ్మకి కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. పేజీ తిప్పితే ఇంకో వాక్యం: ‘ఆపరేషన్ అయిన మొదటి ఆరు నెలల్లో మొదలుపెడితే త్వరగా వస్తుంది’. అప్పటికి పద్నాలుగు నెలలు గడిచాయి. ఆ కింద, ఆలస్యమైనవారు కూడా నేర్చుకున్నారు, ఓపిక ఎక్కువ కావాలి, అని ఉంది గాని, ఆవిడ కంటికి పై వాక్యమే ఆనింది. ఆ పేజీ ఎలాగైనా అన్నయ్య కంట పడకుండా చెయ్యాలనిపించింది. చించెయ్యడానికి చెయ్యి రాలేదు.

పుస్తకం తన పేరున రాసుకుని, ముద్ర వేసుకుని, “ఇవాల్టికి ఇంతే,” అని కంప్యూటరాయనకి చెప్పి మూడు గంటలకే బయటపడింది. బస్సులో నిలబడడానికే చోటు దొరికింది. ఏం చెప్పాలో అనుకుంటూ పోయింది. ప్రతి మాటా దారిలోనే అరిగిపోయింది.

మూడో అంతస్తు. మెట్ల దగ్గరికే కుట్టుమిషను చప్పుడు వినిపించింది. తలుపు తీసే ఉంది. వదిన మిషను మీద దుప్పటి అంచు కుడుతోంది. జుట్టు బాగా తెల్లబడింది. అన్నయ్య కిటికీ పక్క కుర్చీలో, ఇంకా డ్రిల్లు మాస్టారులాగే వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు. మెడ చుట్టూ పల్చటి గుడ్డ, ఒళ్ళో పలక, చేతిలో చెంచా. ఆ చెంచాతో కుర్చీ చేతి మీద ఒకసారి కొడితే రమ్మని, రెండుసార్లయితే నీళ్ళని. ఆ సంగతి చూడమ్మకి తరవాత తెలిసింది.

వదిన తలెత్తి చూసింది. మళ్ళీ గుడ్డ మీదికి వంగింది.

“మీ చెల్లెలొచ్చింది,” అంది మొగుడితో, గదిలో చూడమ్మ లేనట్టే.

అన్నయ్య మొహం విచ్చుకుంది. నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. పలక తీసి, ‘చిన్నమ్మాయ్’ అని రాశాడు. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా అతనికి ఆవిడ చిన్నమ్మాయే. ఆ అక్షరాలు చూసి చూడమ్మ బస్సులో కూడబలుక్కున్నదంతా మరిచిపోయింది.

“వదినా, తప్పు నాది,” అంది. “నువ్వు మా లైబ్రరీకి వచ్చింది దీనికోసమని నాకు ఇవాళ తెలిసింది. ఆ కార్డులు తిరుగుడు కార్డులు. వాటిని పాడు చేసింది నేనే. పుస్తకం అక్కడే ఉంది. దారి లేదు. నేను దారి మూసేశాను.” పుస్తకం అన్నయ్య చేతిలో పెట్టింది. “అమ్మ విషయంలో నేనన్న మాట కూడా అబద్ధం. నీ గోడ మీద కాగితం నేను చూశాను. చూసి కూడా వచ్చి చెప్పలేదు.”

మిషను ఆగలేదు. వదిన అంచు చివరిదాకా కుట్టి, దారం కొరికి, దుప్పటి రెండో వైపు తిప్పుకుంది. కోపమో కాదో చెప్పలేని మొహం. కోపానికి కూడా ఓపిక కావాలి, అది ఆవిడ దగ్గర మిగిలినట్టు లేదు.

అన్నయ్య పేజీలు తిప్పుతున్నాడు. అంటుకున్నవాటిని గోరుతో విడదీస్తున్నాడు. ఆ పేజీ రానే వచ్చింది. ఆగాడు. వేలు ఆ వాక్యం కింద పెట్టి చూడమ్మకి చూపించాడు.

“ఆ కింద కూడా చదువు అన్నయ్యా. ఆలస్యమైనా వస్తుందట. ఓపిక పట్టాలంతే.”

కింద కూడా చదివాడు. పలక తుడిచి ‘14’ అని రాశాడు. దాన్ని కాసేపు చూసుకుని, మళ్ళీ తుడిచి, ‘అలిసిపోయాను’ అని రాశాడు. పుస్తకం మూసి కిటికీ గట్టు మీద పెట్టేశాడు. అందులో నిష్ఠూరం ఏమీ లేదు. అదే చూడమ్మకి భరించలేకుండా ఉంది. తిట్టినా బాగుండేది, తిట్టడానికి గొంతు లేదు.

అప్పుడు మిషను ఆగింది.

“నువ్వొక్కడివే అలిసిపోయావా?” అంది వదిన. ఆవిడ మొగుడిని నువ్వు అనడం చూడమ్మ ఎన్నడూ వినలేదు. వదిన కుర్చీ ఇటు తిప్పుకుంది. ఈసారి మాట నేరుగా ఆడపడుచుకే తగిలింది. “మూడో రోజుకే తెలిసిందమ్మా నాకు, ఆ పెట్టెల్లో ఏం లేదని. ఒకటి చూస్తే ఇంకోటి చూడమంటుంది, అది చూస్తే వేరేది, అది చూస్తే మళ్ళీ మొదటిది. పెద్ద చదువు లేనిదాన్ని నాకే తెలిసింది. ఇక చాల్లే, ఇంటికి పోదాం అనుకున్నాను. తలెత్తితే అద్దాల వెనకాల నువ్వు. నన్నే చూస్తున్నావు.”

చూడమ్మ భుజాన ఉన్న సంచి తీసి కింద పెట్టింది.

“సరే, చూస్తోంది కదా, రేపు లేచొస్తుంది అనుకున్నాను. వచ్చి, ఏం కావాలి వదినా అంటుంది. అంటే అడగచ్చు. ఇలా మీ అన్నయ్యకి మాట తెప్పించే పుస్తకం ఏదో ఉందన్నాడు డాక్టరు, వెతికి పెట్టమ్మా అని. ఇంకో ఎనిమిది రోజులు వచ్చాను. అక్కడేం లేదని తెలిసి కూడా వంగాను, లేచాను, ఆ చివరికి పోయాను, ఈ చివరికి వచ్చాను. నా నడుం సంగతి నీకు తెలుసు. ఆఖరి రోజు, ఇక నేనే వెళ్దాం, అడుగుదాం, పోతే పోయింది అనుకుని ఇటు తిరిగాను. నువ్వు తల దించేసుకున్నావు.”

చూడమ్మ అక్కడే దుప్పట్ల మూట పక్కన కూర్చుండిపోయింది. పదకొండు రోజులూ తను ఇటు ఎదురు చూసింది. అటువైపు నుంచీ అదే ఎదురుచూపని తెలియలేదు. పుస్తకం పోగొట్టింది కార్డు కాదు. కార్డు తప్పుని మూడు రోజుల్లో దిద్దేదే, లేచి ఇరవై అడుగులు వేసి ఉంటే. ఆ మాట వదిన అనలేదు. అనవలసిన అవసరం కూడా లేదు.

అన్నయ్య పెళ్ళాం వైపు చూస్తున్నాడు. పదకొండు రోజుల సంగతి అతనికీ కొత్తే అని మొహం చూస్తే తెలుస్తోంది. ఆ రోజుల్లో మధ్యాహ్నాలు ఎక్కడికి పోతున్నావని అడగడానికి అతనికి పలకైనా ఎత్తే ఓపిక లేదు. కాసేపు అలా చూసి, చెయ్యి చాపి, కిటికీ గట్టు మీది పుస్తకం మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు. సాధన మొదలయ్యే పేజీ తీశాడు. చెంచాతో కుర్చీ చేతి మీద ఒక్కసారి కొట్టాడు.

వదిన లేవబోయింది. అతను తల అడ్డంగా ఊపి, చెల్లెలి వైపు చూపించాడు.

చూడమ్మ పీట లాక్కుని అన్నయ్య ఎదురుగా కూర్చుంది. పుస్తకంలో చెప్పినట్టు పెదాలు బిగించి, అతనికి కనిపించేలా విడిచింది.

“పా.”

అన్నయ్య పెదాలు బిగించాడు. గుటక వేశాడు. మెడ మీది గుడ్డ కొంచెం ఎగిరింది. కన్నంలోంచి గాలి బుస్సుమని పోయింది తప్ప నోట్లోంచి ఏమీ రాలేదు.

“పా,” అంది మళ్ళీ.

రాలేదు. ఇంకోసారి. ఇంకోసారి. కిటికీలో వెలుగు తగ్గేదాకా ఆవిడ పా అంటూనే ఉంది, అతను గుటకలు వేస్తూనే ఉన్నాడు. నుదురంతా చెమట పట్టింది. ఒక్క చప్పుడూ పుట్టలేదు. చివరికి అతనే చెయ్యి అడ్డం పెట్టి కుర్చీకి జారబడి కళ్ళు మూసుకున్నాడు.

చూడమ్మ లేచి, సంచి భుజానికి తగిలించుకుని, చెప్పులేసుకుంటూ వదిన ఏమైనా అంటుందేమోనని ఆగింది. వదిన దుప్పటి మడత పెడుతోంది.

“రేపు పెందలాడే రా,” అంది తలెత్తకుండా. “పొద్దుటిపూట ఆయనకి కాస్త ఓపికుంటుంది.”